కండ కరిగిన వేసవి

ఏప్రిల్ 9

ఉదయం ఆయన్ని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మారుస్తుంటే నడుములో కలుక్కుమంది. పళ్ళు బిగబట్టి ఎలాగో కూర్చోబెట్టేశాను. నా మొహం ఆయన భుజం వెనకాల ఉంది కాబట్టి కనబడలేదు.

"ఏమోయ్, ఇవాళ లిఫ్టు కుదుపుతోందే" అన్నారు.

"పాత మోడల్ కదండీ. గ్రీజు అయిపోయింది" అన్నాను.

నవ్వారు. ఊళ్ళో సగం లిఫ్టులు బాగుచేసిన మనిషి. లిఫ్టు గుంటలో పడ్డాక నడుము కిందంతా పోయింది గానీ నోరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజే నాకు లిఫ్టు అని పేరు పెట్టారు. ఆ రోజు ఇద్దరం ఏడవకుండా ఉండటానికి అది పనికొచ్చింది.

నేను పనిచేసే లాండ్రీలో ఇవాళ హోటల్ దుప్పట్లు. తడిసిన పెద్ద దుప్పటి చంటిపిల్లంత బరువుంటుంది. అటు కొస నా జోడీ, ఇటు కొస నేను పట్టుకుని వేడి రోలర్‌కి అందించాలి. మనకి నడుము పట్టేసిందని రోలర్ ఆగదు. పదిసార్లు నా మొహం చూశాక నా జోడీ సంచీలోంచి తలనొప్పి బిళ్ళ తీసి ఇచ్చింది. "నొప్పీ పోద్ది, మత్తూ పోద్ది. ఇందులో కాఫీ మందు కూడా ఉంటది" అంది. నిజమే. మధ్యాహ్నానికి ఇంకెవరి నడుమో తెచ్చి అతికించినట్టుంది.

ఏప్రిల్ 12

ఆ బిళ్ళలు నేనే కొన్నాను. మందుల షాపువాడు ఉప్పు ప్యాకెట్టు ఇచ్చినట్టే ఇచ్చాడు.

ఏప్రిల్ 20

ఇప్పుడు ఆయనకి రోజూ స్నానం చేయించగలుగుతున్నాను. ఇదివరకు తడిగుడ్డతో తుడిచి సరిపెట్టేదాన్ని. కిటికీ తెరలు ఉతికాను. వంటింటి గోడ కడిగాను.

"ఏంటీ హుషారు? లాటరీ గానీ తగిలిందా?" అన్నారు.

"మీకు తగిలాను కదా, ఇంకా లాటరీ ఎందుకు?" అన్నాను.

బిళ్ళలు అలవాటేం కాలేదు. పని ఉన్న రోజు మాత్రమే వేసుకుంటున్నాను. పని లేని రోజు ఒకటి వస్తే మానేసి చూడాలి.

మే 2

వదిన వచ్చింది. తమ్ముణ్ణి చూడటానికి వచ్చి నన్ను చూస్తూ కూర్చుంది.

"సగమైపోయావు పిల్లా. వాణ్ణి మా ఇంటికి పంపించు. మాది నేల మీద ఇల్లు, మెట్లు లేవు. నా కొడుకులిద్దరూ దున్నపోతుల్లా ఉన్నారు, ఎత్తి దించుతారు. మీకా పిల్లా పీచూ లేరు. ఎవరున్నారు నీకు చెయ్యందించడానికి?"

"నేనుండగా ఆయన ఒకరింట్లో ఎందుకుంటారు వదినా?"

"నేను ఒకరినా?"

ఆయన గోడవైపు చూస్తున్నారు. ఏదో ఒకటి అంటారనుకున్నాను. అనలేదు. కాఫీ ఇస్తుంటే నా చెయ్యి వణికి సాసర్లో ఒలికింది. ఎండలు ముదిరాయి, అందుకే.

పంతం కాదిది. మొగుణ్ణి మొగుడు అనుకునే ఏ ఆడదయినా ఇంతే చేస్తుంది.

మే 11

పడ్డాం.

కుర్చీలోంచి మంచం మీదికి మారుస్తుంటే నా మోకాళ్ళు మడతపడిపోయాయి. కింద నేను, నా మీద ఆయన. పెద్ద చప్పుడైంది. ముందు నవ్వొచ్చింది. "లిఫ్టు పనిచేయదు అని బోర్డు పెట్టవోయ్" అన్నారు, నా చెవిలోనే. పక్కకి జరిగి ఆయన చంకల కింద చేతులు వేసి లేపబోయాను. కాలేదు. మళ్ళీ లేపబోయాను. ఆ తర్వాత ఆయన జోకులు వెయ్యడం మానేశారు. నేల మీద ఆయన పక్కనే పడుకున్నాను కాసేపు. పైకప్పు మీద పెచ్చులూడిన చోట ఒకటి కుందేలులా ఉంది. చెబుదామనుకుని ఊరుకున్నాను.

చప్పుడు విని కింది ఇంటి మేష్టారు వచ్చారు. రిటైరయిన మనిషి, గాలికి ఎగిరిపోయేలా ఉంటారు. ఇద్దరం కలిసి ఎలాగో మంచం మీదికి చేర్చాం. వెళ్తూ గుమ్మంలో ఆగి, "మీకు ఎవరైనా సాయం ఉన్నారామ్మా?" అన్నారు.

"ఉన్నారండీ" అన్నాను.

మే 12

నిద్ర లేదు. పడుకున్నా గుండె మెట్లెక్కుతున్నట్టు కొట్టుకుంటోంది. ఉక్క వల్ల.

మే 19

మంచి కబురు. ఆయన్ని చూసే డాక్టరు ఇంటికొచ్చారు. వీపంతా తిప్పి చూశారు. ఎక్కడా పుండు లేదు, ఒరిపిడి లేదు. ఊపిరితిత్తుల్లో చప్పుడు లేదు.

"ఇంత శుభ్రంగా చూసుకున్న మనిషిని నా సర్వీసులో చూడలేదమ్మా. మీకు దండం పెట్టాలి. గుండె ఇనుపముక్కలా ఉంది. ఇంకో ముప్పై ఏళ్ళు ఢోకా లేదు" అన్నారు.

సంతోషించాను. ఎవరికైనా ఇంతకన్నా ఏం కావాలి? డాక్టరు గారిని వీధి దాకా సాగనంపి వచ్చాను. మెట్లెక్కుతుంటే మధ్యలో ఒక మెట్టు మీద కూర్చున్నాను. ఎందుకో లేవాలనిపించలేదు. ఆయన పిలిచారు, లేచాను.

నిజంగా సంతోషించాను.

మే 20

సెలవు పెట్టాను. పక్క మార్చాను. ఇల్లు తుడిచాను. ఆయనకి గడ్డం గీశాను. నీళ్ళ సీసా చేతికి అందేటట్టు పెట్టాను, రెండోది కూడా. వదినకి ఫోన్ చేసి ఊరికే మాట్లాడాను. తలనొప్పిగా ఉంది.

జూన్ 1

అక్షరాలు సాలెపురుగు నడిచినట్టు వస్తున్నాయి. పెన్ను పట్టుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి.

ఆసుపత్రి. డైరీ వదిన తెచ్చిచ్చింది. చదివిందో లేదో అడగలేదు. చదివినా ఏముంది, తలనొప్పి తప్ప.

నాకు గుర్తున్నది కొంచెమే. వాంతులు. వంటింటి నేల చల్లగా ఉండటం. ఒళ్ళు నా మాట వినకుండా తనంతట తను ఎగిరెగిరి పడటం. మిగతాదంతా వదిన చెప్పింది. మేష్టారు తలుపు గడియ విరగ్గొట్టి వచ్చారట. ఆయన్ని వదిన తన ఇంటికి తీసుకెళ్ళింది.

"వాడి గురించి బెంగపడకు" అంది. ఇంకేదో అనబోయి నా దుప్పటి సర్దింది.

జూన్ 3

డాక్టరు కుర్రవాడిలా ఉన్నాడు, కానీ ఓపిక ఉంది. మంచం అంచున కూర్చుని చెప్పాడు.

"మీరు వేసుకున్న బిళ్ళల్లో నొప్పి మందూ కెఫీనూ రెండూ ఉన్నాయమ్మా. నొప్పి మందు లివర్‌ని తింటుంది. దానికి విరుగుడు సకాలంలో పడింది, గండం గడిచింది. కెఫీన్ మీ కండరాల మీద పడింది. ఒళ్ళంతా ఆగకుండా బిగుసుకుని, ఫిట్స్ వచ్చి, కండ కరగడం మొదలైంది. ఆ కరిగిందంతా రక్తంలో కలిసి కిడ్నీలకి అడ్డం పడింది. అందుకే మూత్రం ఆగిపోయింది."

మొదట్లో వచ్చిన కాస్త మూత్రమూ డికాషన్‌లా నల్లగా ఉందట. నా తొడలు నావి కావు. వాచి, చెక్కలా గట్టిపడి, వేలు ఆనిస్తే ప్రాణం పోతోంది.

"కండ మళ్ళీ వస్తుందా?" అని అడిగాను.

"చాలావరకు. టైం పడుతుంది." ఫైలు తిరగేస్తూ, "పొరపాటున ఎక్కువ వేసుకున్నారా?" అన్నాడు.

"తలనొప్పి తగ్గకపోతే వేసుకుంటూ పోయాను. ఎన్నో చూసుకోలేదు."

తల ఊపాడు. రాసుకున్నాడు. నమ్మినట్టే ఉన్నాడు.

జూన్ 4

ఇవాళ మళ్ళీ డయాలిసిస్. మెడ దగ్గర గొట్టం పెట్టి రక్తాన్ని బయటికి తీసి కడిగి లోపలికి పంపుతున్నారు. యంత్రం మా లాండ్రీ యంత్రంలాగే గుర్రుమంటుంది. అక్కడయితే మడతపెట్టే పనైనా ఉండేది నాకు.

జూన్ 7

ఆయనతో ఫోన్లో మాట్లాడాను. గొంతు బొంగురుపోయి ఉంది, సగం మాటలు గాలే.

"ఏమైంది గొంతుకి?"

"జలుబు" అన్నారు.

"మీ అక్క చన్నీళ్ళు పోసుంటుంది."

"ఆఁ."

ఫోన్ పెట్టేసేదాకా లిఫ్టు అని అనలేదు.

జూన్ 10

మనసు డాక్టరమ్మ వచ్చింది. తెల్లకోటు లేదు. కిటికీ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను తలనొప్పి సంగతి చెప్పాను. అడ్డు చెప్పలేదు.

"అంత నొప్పిగా ఉంటే ఎవరికైనా చెప్పారా?" అంది.

"తలనొప్పి అందరికీ వస్తుంది కదండీ. ఊరంతా చాటింపు వెయ్యాలా?"

నవ్వింది. మళ్ళీ వస్తానంది. రావద్దని చెప్పడానికి మర్యాద అడ్డొచ్చింది.

జూన్ 13

నర్సు ఇవాళ నన్ను మంచం మీంచి కుర్చీలోకి మార్చింది. నా చంకల కింద చేతులు వేసి, తన ఛాతీకి ఆనించుకుని, ఒక్క ఊపున. నేను గోనెసంచిలా వేలాడాను. కాళ్ళు నేలకి ఆనాయి గానీ బరువు మొయ్యలేదు. ఆవిడ మొహం నా భుజం వెనకాల ఉంది. అక్కడ ఆ మొహం ఎలా ఉందో నాకు తెలుసు.

ఇన్నాళ్ళూ ఆయనకీ తెలిసే ఉంటుంది.

జూన్ 14

ఏమీ లేదు.

జూన్ 18

మూత్రం వచ్చింది. సొంతంగా. నర్సు సీసా ఎత్తి చూపించింది, పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్ల మార్కులు చూపించినట్టు. డాక్టరు "మీ కిడ్నీలు మొండివమ్మా" అన్నాడు. పక్క మంచం ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది. నేను ఏడిస్తే సంతోషానికనుకున్నారు.

ఇంకో ముప్పై ఏళ్ళు నాకూ ఢోకా లేదు కాబోలు.

జూన్ 22

ఆయన వచ్చారు.

వదిన కొడుకులిద్దరూ కుర్చీ పట్టుకుని మంచం పక్కన నిలిపి, కాఫీ తాగొస్తామని వదినని కూడా తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. ముందే అనుకుని వచ్చారని తెలుస్తూనే ఉంది. ఆయన మొహం నున్నగా ఉంది. గడ్డం ఎవరో బాగానే గీస్తున్నారు. కుడి మోచేతికి కట్టు ఉంది.

"అదేంటి?"

"పడ్డాను."

"ఎక్కడ? వాళ్ళు పడేశారా? చెప్పండి, నేను వదినతో—"

"వాళ్ళు కాదు." గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. "మనింట్లో. ఆ రోజు."

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని రాస్తున్నాను గానీ, అప్పటికే చెవులు మూసుకోవాలనిపించింది.

"వంటింటి తలుపు తీసే ఉంది. మంచం మీంచి నాకు కనిపిస్తుంది. నువ్వు గట్టు దగ్గర నిలబడి బిళ్ళలు అరచేతిలో పోసుకున్నావు. ఏంటవి అని అడిగాను. తలనొప్పి అన్నావు. నీళ్ళు తాగావు. గ్లాసు కడిగి బోర్లించావు కూడా. తర్వాత నా దగ్గరికొచ్చి దిండు సర్ది వెళ్ళావు."

దిండు నాకు గుర్తులేదు.

"పిలిచాను. నిన్ను పిలిచాను, మేష్టారిని పిలిచాను, వీధిలో పోయేవాళ్ళని పిలిచాను. నువ్వు వంటింట్లో పడిపోయిన చప్పుడు విన్నాను. కొట్టుకుంటున్నావు, నీ మడమలు నేలకి తగులుతున్నాయి. అరిచాను. అరవగా అరవగా గొంతు పోయింది. కింద మేష్టారు రేడియో పెట్టుకున్నారు. ఫోన్ నువ్వు చార్జింగుకి పెట్టావు, అవతలి గోడ దగ్గర." ఆయన చేతులు చక్రాల మీద బిగుసుకుని ఉన్నాయి. "చివరికి చేతులతో తోసుకుని మంచం మీంచి కింద పడ్డాను. ఆ చప్పుడుకి వచ్చారు. మళ్ళీ ఇద్దరం పడ్డామనుకున్నారట."

నేను దుప్పటి అంచు మడుస్తూ ఉన్నాను. మడిచి విప్పి, మడిచి విప్పి.

"పొరపాటేనండీ. ఎన్ని వేసుకున్నానో—"

"నా దగ్గర వద్దు."

గట్టిగా అనలేదు. అనడానికి గొంతు లేదు. కానీ పెళ్ళయినప్పటి నుంచి ఆయన నా మాటని మధ్యలో తుంచడం ఇదే మొదలు.

"డాక్టరు ముప్పై ఏళ్ళు అన్నాడు చూడు, అప్పుడు నీ మొహం చూశాను. నువ్వు నవ్వావు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు చల్లబడింది. నీకెలా చెప్పాలో తెలీక ఊరుకున్నాను. ఆ మాట నాకు మాత్రం తియ్యగా ఉందనుకున్నావా? నా మొహం చూసి ఉంటే తెలిసేది. నువ్వు చూడలేదు. డాక్టరుకి కాఫీ పెట్టడానికి లేచి వెళ్ళావు."

ఆయన చెయ్యి చాపారు. నా చెయ్యి మంచం మీంచి అక్కడిదాకా వెళ్ళలేదు, సగంలోనే పడిపోయింది. ఆయన ముందుకి వంగలేరు. నర్సు చూసి కుర్చీని కాస్త జరిపింది.

జూన్ 24

మనసు డాక్టరమ్మకి చెప్పాను. తలనొప్పి కాదని.

జూలై 3

ఇల్లు. మెట్లు కూర్చుని ఎక్కాను, ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతూ. మేష్టారు నా సంచీ పట్టుకుని పక్కనే వచ్చారు, చెయ్యి అందించాలా వద్దా తెలియక. తలుపుకి కొత్త గడియ వేయించారు. మందుల అలమరా ఖాళీగా ఉంది. వదిన పని. అలమరా లోపలి గోడ కూడా తుడిచిపెట్టింది.

ఆయన మంచం అలాగే ఉంది, పరుపు మీద రబ్బరు గుడ్డతో సహా. దాని మీద పడుకున్నాను. ఇక్కణ్ణించి వంటింటి గట్టు నిజంగానే కనిపిస్తుంది. మొత్తం కనిపిస్తుంది.

జూలై 8

వారానికోసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. మందు ఇచ్చింది, వారానికి సరిపడా మాత్రమే. మేష్టారు సాయంత్రం తలుపు కొట్టి, "ఏం చేస్తున్నారమ్మా?" అంటారు. "కూర్చున్నానండీ" అంటాను. వెళ్ళిపోతారు. నాకు కాపలా పెట్టారు. తప్పు లేదు.

లాండ్రీలో నా చోటు వేరే ఎవరికో ఇచ్చేశారని నా జోడీ చెప్పి ఏడ్చింది. ఆ బిళ్ళ తనే ఇచ్చానని ఏడ్చింది. "నీ బిళ్ళ వల్ల కాదే" అన్నాను. నమ్మలేదు. నేను చెప్పేది ఇప్పుడు ఎవరూ నమ్మరు.

జూలై 15

సగం బకెట్ నీళ్ళు మోశాను. రెండు తొడలూ ఏడ్చాయి గానీ మోశాను. ఇంకో రెండు నెలలకి ఆయన్ని తెచ్చేసుకోవచ్చు. మంచం కిటికీ వైపుకి జరపాలి. వంటింటి తలుపు మూసి ఉంచాలి.

జూలై 21

వదినా వాళ్ళింటికి వెళ్ళాను. రెండు బస్సులు మారి.

ఆయన వెనక వరండాలో ఉన్నారు, కుర్చీలో. శుభ్రంగా ఉన్నారు. కాస్త ఒళ్ళు కూడా చేశారు. ముందు గదిలో వదిన పెద్దకొడుకు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. వదిన నాకు పీట వేసి, మాకు పని కల్పించడానికి అన్నట్టు చిక్కుళ్ళు ముందు పెట్టి లోపలికి వెళ్ళింది.

నేను చెప్పాల్సింది బస్సులో తయారుచేసుకుని వచ్చాను. బకెట్ సంగతి చెప్పాను. డాక్టరు చెప్పింది చెప్పాను. కండ తిరిగి వస్తోంది, సెప్టెంబరుకల్లా తీసుకెళ్తాను అన్నాను.

"నేను రాను" అన్నారు.

జోకేమో అని ఆగాను.

"నేనొస్తే నువ్వు ఎత్తుతావు."

"ఎత్తడానికే కదా బాగుపడుతున్నాను."

"అదే నేను చెప్పేది." చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగారు. "ఎత్తుతావు. నడుము పట్టేస్తుంది. నాకు చెప్పవు. నేనూ చూడనట్టు ఊరుకుంటాను. ఇన్నాళ్ళూ ఊరుకున్నాను కదా. నీ చేతులు వణుకుతుంటే చూశాను. మే నెలలో అక్క రమ్మన్నప్పుడు సరే అంటే పోయేది. నువ్వు నన్ను వదిలించుకున్నావని నేననుకుంటానేమోనని నువ్వు, నేను నిన్ను వదిలేశానని నువ్వనుకుంటావేమోనని నేను, ఇద్దరం ఆగిపోయాం."

"మళ్ళీ బిళ్ళలు ముట్టుకోను. మీమీద ఒట్టు."

"నా మీద వద్దు. నా మీద చాలా పెట్టావు."

అప్పుడు కోపం వచ్చింది నాకు. ఆసుపత్రిలో రాలేదు, ఇప్పుడు వచ్చింది. "మరి నేనేం చెయ్యాలి? ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని ఏం చెయ్యాలి? మీకు చెయ్యడం తప్ప నాకింకేం వచ్చు?" అన్నాను. లోపల వదిన గిన్నెల చప్పుడు ఆగింది.

"ఆదివారం ఆదివారం రా" అన్నారు. "వచ్చి కూర్చో."

"కూర్చుని?"

"కూర్చో అంతే."

కూర్చున్నాను. చిక్కుళ్ళు అయిపోయాయి. ఆయన ఏదో సర్దుకోబోతుంటే ఎడమకాలు కుర్చీకి పాదాలు పెట్టుకునే పలక మీంచి జారి పక్కకి వేలాడింది. ఆయనకి తెలియదు, తెలియడానికి ఆ కాలికి స్పర్శ లేదు. నేను పీట మీంచి లేచి వంగబోయాను. నా కళ్ళ వెంట చూసి ఆయనా కిందికి చూశారు. నా మణికట్టు పట్టుకున్నారు.

"వద్దు. పెద్దాడొచ్చి పెడతాడు."

"ఒక్క కాలేనండీ. కాలెత్తితే ఏం కాదు."

"కూర్చో."

కూర్చున్నాను. ముందు గదిలో పెద్దవాడి ఫోన్ ఎంతకీ తెమలలేదు. ఆయన నా చెయ్యి వదల్లేదు. వాడు వచ్చేదాకా ఆ కాలు అలాగే వేలాడుతూ ఉంది, ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.